రికార్డరు మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి?



“రికార్డు కాలేదండీ” అనే మాట ఆదివారం మధ్యాహ్నం మీడియా పరిచర్యలో ఉన్న యౌవనస్థుల నోట వినని సంఘం అరుదు. పాట పోతే వచ్చే వారం మళ్లీ పాడుకోవచ్చు. కానీ ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మం తీసుకున్న అమ్మాయి మరోసారి దిగదు. భూస్థాపన కూడికలో తండ్రిని గురించి కొడుకు చెప్పిన నాలుగు మాటలు మళ్లీ అలాగే రావు. దుబాయిలోనో డాలస్‌లోనో ఉండి రాలేకపోయిన బిడ్డలు ఆ వీడియో కోసమే కాచుకొని ఉంటారు. అందుకే ఈ వారం ఈ పేజీని రికార్డరుకే ఇస్తున్నాము.

మనం మాట్లాడుతున్నది ఇంట్లో టీవీ కార్యక్రమాలు దాచుకునే పెట్టె గురించి కాదు, సీసీ కెమెరాల డబ్బా గురించీ కాదు. కెమెరా నుంచి గానీ వీడియో మిక్సరు నుంచి గానీ వచ్చే బొమ్మను, శబ్దాన్ని నాణ్యత తగ్గకుండా డిస్కు మీదికి ఎక్కించే ప్రొఫెషనల్ రికార్డరు. బ్లాక్‌మ్యాజిక్ హైపర్‌డెక్, ఏజేఏ కీ ప్రో, కెమెరా నెత్తిన బిగించుకునే అటామస్ నింజా, ఇవన్నీ ఆ కుటుంబానివే. పేర్లు, మెనూలు వేరైనా లోపల జరిగే పని ఒకటే. కాబట్టి వచ్చే తంటాలు కూడా చాలావరకు ఒకటే.

“రికార్డు కాలేదు” అన్న ఒక్క మాటలో అయిదారు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. యంత్రానికి బొమ్మే అందకపోవచ్చు. అందినా డిస్కు మీద రాయలేకపోవచ్చు. రాసినా ఫైలు సరిగా మూసుకోకపోవచ్చు. ఫైలు బాగానే ఉన్నా శబ్దం లేకపోవచ్చు. అన్నీ ఉండి కూడా కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు. ఒకదానికి వేసే మందు మరొకదానికి విషం. ముఖ్యంగా తెర మీద “డిస్కును ఫార్మాట్ చేయమంటారా?” అని కనిపించగానే సరే అని నొక్కే చెయ్యి ఉందే, అసలు లోపం కన్నా ఎక్కువ నష్టం చేసేది ఆ చెయ్యే. జబ్బు ఏమిటో తేలేదాకా ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకూడదు, రాయనివ్వకూడదు. డిస్కు తీసి, కాగితం చుట్టి, పక్కన పెట్టి, వేరే డిస్కుతో పరీక్షలు మొదలుపెట్టండి.

ఇక వెతకడం. కెమెరా, దాని కేబులు, మిక్సరు, మరో కేబులు, రికార్డరు, డిస్కు, చివర కంప్యూటరు. ఇది ఒక గొలుసు. రికార్డరు తెర నల్లగా ఉందంటే రికార్డరే పాడైందని చాలామంది అనుకుంటారు కానీ, లోపం ఆ గొలుసులో ఎక్కడైనా ఉండవచ్చు. మిక్సరును తప్పించి ఒక కెమెరాను చిన్న కేబులుతో నేరుగా రికార్డరుకు కలపండి. బొమ్మ వస్తే రికార్డరు బాగానే ఉంది, లోపం వెనకాల ఉంది. రాకపోతే కేబులు మార్చండి, తర్వాత కెమెరా మార్చండి. ఒకసారి ఒక్కటే మార్చాలి. కంగారులో రెండు మూడు ఒకేసారి మార్చేస్తే, బొమ్మ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. అదే లోపం వచ్చే ఆదివారం మళ్లీ పలకరిస్తుంది.

బొమ్మ రాకపోవడానికి మొదటి కారణం వినడానికి చిన్నతనంగా ఉంటుంది గానీ చాలా మామూలు. కొన్ని రికార్డర్లకు ఎస్‌డీఐ, హెచ్‌డీఎంఐ అని రెండు ద్వారాలు ఉంటాయి. కేబులు ఒకదానిలో గుచ్చి, మెనూలో రెండోది ఎంచి ఉంచితే తెర నల్లగానే ఉంటుంది. ముందు అది చూడండి.

రెండో కారణం మన దగ్గర ప్రత్యేకంగా ఎక్కువ. మన దేశంలో వీడియో సెకనుకు 25 లేదా 50 ఫ్రేముల లెక్కన నడుస్తుంది. అమెరికాలో అది 29.97 లేదా 59.94. అక్కడ ఉన్న సహోదరులు ప్రేమతో పంపిన కెమెరా అక్కడి లెక్కతోనే వస్తుంది. మెనూలో ఎన్‌టీఎస్‌సీ అనో 60 హెర్ట్జ్ అనో ఉంటుంది. దాన్ని పాల్‌కు, అంటే 50 హెర్ట్జ్‌కు మార్చకుండా, 1080ఐ50 మీద నడిచే మిక్సరుకు కలిపితే ఆ ద్వారం నల్లగా ఉంటుంది లేదా బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. ఫ్రేముల లెక్కను తనే మార్చుకునే మిక్సర్లు ఉన్నాయి, మార్చుకోలేనివీ ఉన్నాయి. దీన్ని పసిగట్టడానికి ఒక గుర్తు చెబుతాము. మన కరెంటు 50 హెర్ట్జ్. 60 లెక్కన ఉన్న కెమెరాలో ట్యూబులైట్లు, చవకరకం ఎల్‌ఈడీ బల్బుల వెలుగు మినుకుమినుకుమంటూ, నల్లటి పట్టీలు పైకో కిందికో జరుగుతూ కనిపిస్తాయి. దాన్ని చూసి రికార్డరును తిట్టుకునేవారున్నారు పాపం. కెమెరాను 50 లెక్కకు మార్చి, షట్టరు సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే ఆ పట్టీలు సాధారణంగా పోతాయి.

పాటల సాహిత్యం చూపించే ల్యాప్‌టాప్‌దీ ఇదే కథ. అది మామూలుగా 60 హెర్ట్జ్ మీద ఉంటుంది, పైగా 1366 గుణించు 768 వంటి దాని సొంత కొలతతో. డిస్‌ప్లే సెట్టింగులలో 1920 గుణించు 1080, 50 హెర్ట్జ్ అని చేత్తో పెట్టాలి. నిరుడు వచ్చిన బొమ్మ ఈ వారం ఎందుకు రాలేదంటే, మధ్యలో ఎవరో కేబులు తీసి ప్రొజెక్టరుకు గుచ్చి ఉంటారు. హెచ్‌డీఎంఐలో రెండు యంత్రాలు కలిసినప్పుడల్లా ఏ కొలతలో పంపుకోవాలో మాట్లాడుకుంటాయి. అవతలి యంత్రం మారితే ఒప్పందమూ మారుతుంది.

సెట్‌టాప్ బాక్సు నుంచో, సినిమా ఆడుతున్న ల్యాప్‌టాప్ నుంచో తీసుకుంటే నల్లతెర వచ్చిందంటే అది లోపం కాదు. హెచ్‌డీసీపీ అనే తాళం అది. హక్కులున్న చిత్రాన్ని రికార్డు చేయనివ్వకుండా వేసిన తాళం. దానికి రిపేరు లేదు, వెతకనూ వద్దు.

1080పీ50 అనే కొలతకు ఒక ఇబ్బంది ఉంది. మామూలు హెచ్‌డీ-ఎస్‌డీఐ తీగలో సెకనుకు 1.485 గిగాబిట్లు వెళతాయి. 1080ఐ50కి, 1080పీ25కి అది సరిపోతుంది. 1080పీ50కి దానికి రెట్టింపు, 2.97 గిగాబిట్లు కావాలి. దాన్నే 3జీ-ఎస్‌డీఐ అంటారు. కెమెరా కొత్తది, రికార్డరు పాతది అయితే కెమెరా పంపుతున్నది రికార్డరుకు అర్థం కాదు. కెమెరాను 1080ఐ50కి దించండి, అంతే.

కేబుళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే లోపాలు ఎక్కువ పుట్టేది అక్కడే. ఎస్‌డీఐకి వాడే బీఎన్‌సీ కేబులు 75 ఓంలది కావాలి. చూడటానికి అచ్చం అలాగే ఉండే 50 ఓంల కేబులు రేడియో పరికరాలకు వాడతారు. రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి, అదే చిక్కు. రెండు మీటర్లు ఉంటే అదీ పనిచేసినట్టే ఉంటుంది, దూరం పెరిగితే మోసం చేస్తుంది. సీసీ కెమెరాల కోసం చుట్టలు చుట్టలుగా అమ్మే సన్నని తీగ కూడా అంతే. పాత అనలాగ్ రోజుల్లో కేబులు బలహీనమైతే బొమ్మ మసకబారేది, గింజలు పడేవి, మనకు ముందే తెలిసేది. డిజిటల్‌లో ఆ హెచ్చరిక ఉండదు. చివరి గడియ వరకు బొమ్మ అద్దంలా ఉంటుంది. తర్వాత అక్కడక్కడ తెల్లటి చుక్కలు మెరుస్తాయి. ఆ వెంటనే మాయం. కాబట్టి ఎప్పుడో ఒక చుక్క మెరిసింది, మళ్లీ బాగైపోయింది అనుకుంటే అది బాగవడం కాదు, అంచున నిలబడి ఉండటం. ఆ వారమే కేబులు మార్చేయండి. హెచ్‌డీఎంఐ కేబులైతే కొద్ది మీటర్లకు మించి లాగకండి. వేదిక నుంచి వెనక బల్ల వరకు పోవాలంటే ఎస్‌డీఐకి మార్చే చిన్న డబ్బా పెట్టుకోవడం మేలు. కుర్చీల కాళ్ల కింద నలిగే చోట, ఎలుకలు తిరిగే చోట, కేబులును పైపులోంచి పంపండి.

ఇప్పుడు డిస్కు దగ్గరికి వద్దాం. ఇక్కడ లెక్క తెలిస్తే సగం సమస్యలు రాకముందే ఆగిపోతాయి.

ఆపిల్ సంస్థ 2007లో తెచ్చిన ప్రోరెస్ అనే పద్ధతిని ఈ రికార్డర్లలో చాలావరకు వాడతాయి. అందులో తరగతులున్నాయి. 1080 కొలతలో, సెకనుకు 25 ఫ్రేముల వద్ద, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ సెకనుకు సుమారు 184 మెగాబిట్లు రాస్తుంది. ప్రోరెస్ 422 అయితే 122, ఎల్‌టీ అయితే 85, ప్రాక్సీ అయితే 38. ఇవి బిట్లు, బైట్లు కావు. ఎనిమిదితో భాగిస్తే బైట్లు వస్తాయి. డిస్కులు అమ్మేది బైట్లలో, రికార్డరు మాట్లాడేది బిట్లలో, అందుకే ఈ గందరగోళం. లెక్క వేస్తే హెచ్‌క్యూలో గంటకు దాదాపు 83 గిగాబైట్లు, 422లో 55, ఎల్‌టీలో 38, ప్రాక్సీలో 17.

ఇప్పుడు 240 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డి ఉందనుకోండి. మూడు గంటల ఆరాధన. హెచ్‌క్యూలో మూడు గంటలకు 249 గిగాబైట్లు కావాలి. అంటే రెండు గంటల యాభై నిమిషాలు దాటాక డిస్కు నిండిపోతుంది. చివరి ప్రార్థన, ఆశీర్వాదం ఉండవు. ప్రతి వారం చివర్లోనే ఆగిపోతోందంటే యంత్రంలో లోపం వెతకనక్కరలేదు, కాగితం మీద గుణకారం చేస్తే చాలు. అదే డిస్కులో ప్రోరెస్ 422 అయితే నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఎవరైనా 1080పీ50కి మారిస్తే హెచ్‌క్యూ ఖర్చు రెట్టింపై, గంటన్నర కూడా రాదు. ఫోనులో, టీవీలో చూసే ఆరాధన వీడియోకు హెచ్‌క్యూ ఎందుకని మా అభిప్రాయం. ఎల్‌టీకీ హెచ్‌క్యూకీ తేడా కనిపెట్టేవాళ్లు మీ సంఘంలో ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. డిస్కు నిండి పోయిన పది నిమిషాల తేడా మాత్రం అందరికీ తెలుస్తుంది.

రెండు డిస్కులు పెట్టుకునే రికార్డరులో మొదటిది నిండగానే రెండోదానిలోకి తనంతట తానే మారే వీలు ఉంటుంది. రెండోది ఖాళీగా ఉందో లేదో, రికార్డరుకు తెలిసిన పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందో లేదో శనివారమే చూసుకోవాలి. ఆ ఫార్మాట్ చేసేది కంప్యూటరులో కాకుండా రికార్డరులోనే చేయడం మంచిది. కంప్యూటరులో ఎన్‌టీఎఫ్‌ఎస్ కింద ఫార్మాట్ చేసిన డిస్కును చాలా రికార్డర్లు గుర్తించవు. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ తెరవాలంటే ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి.

డిస్కులో చోటు ఉన్నా వేగం లేకపోతే మరో బాధ. తెర మీద రికార్డు గుర్తు టపటపా ఆరి వెలుగుతుంటే, లేదా ఫ్రేములు పోతున్నాయన్న హెచ్చరిక వస్తుంటే, రికార్డరు ఇచ్చినంత వేగంగా డిస్కు మింగలేకపోతోందన్నమాట. “డబ్బా మీద సెకనుకు 500 మెగాబైట్లు అని ఉంది కదా” అంటారు. చవకరకం ఎస్‌ఎస్‌డిలలో కొంత భాగం మాత్రమే వేగంగా రాసే చోటు. అది నిండేవరకు పరుగెత్తుతుంది, ఆ తర్వాత నడుస్తుంది. రెండు నిమిషాల పరీక్షలో నెగ్గిన డిస్కు గంటన్నర తర్వాత ఓడిపోవడానికి కారణం ఇదే. కాబట్టి కొత్త డిస్కు కొన్నాక దాన్ని మొదటి అంచు నుంచి చివరి అంచు వరకు ఒకసారి పూర్తిగా నింపి చూడాలి. రికార్డరు తయారీదారు తమ వెబ్‌సైటులో పెట్టిన ఆమోదిత డిస్కుల జాబితా చూసి కొనడం ఇంకా మంచిది. ఎస్‌డీ కార్డు వాడే రికార్డరైతే దానిపై వీ30, వీ60, వీ90 అనే గుర్తులు చూడండి. సెకనుకు కనీసం అన్ని మెగాబైట్లు రాయగలదని ఆ అంకె అర్థం. సంతలో సగం ధరకు దొరికే పెద్ద కార్డుల్లో నకిలీలు ఉంటాయి. 256 అని అచ్చు వేసి లోపల 32 పెట్టి అమ్ముతారు. 32 దాటాక రాసినదంతా గాలిలోకి పోతుంది, ఏ హెచ్చరికా రాదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఆ మోసాన్ని బయటపెడతాయి.

అన్నిటికన్నా గుండె ఆగినంత పని చేసేది కరెంటు పోయినప్పుడు. గంటన్నర ప్రసంగం నడుస్తోంది, కరెంటు పోయింది, జనరేటరు అందుకునేలోపు రికార్డరు ఆరిపోయింది. తర్వాత డిస్కులో చూస్తే ఫైలు ఉంది, సైజు కూడా పెద్దదే, కానీ తెరిస్తే చెల్లని ఫైలు అంటుంది. అంతా పోయిందని తీసేస్తారు. పోలేదు.

ఎందుకో చెబుతాము. ఎంఓవీ, ఎంపీ4 ఫైళ్లలో బొమ్మలు, శబ్దం వరుసగా రాస్తూ పోతుంది యంత్రం. ఏ ఫ్రేము ఎక్కడుంది, ఎంత పొడవుంది అనే విషయసూచిక మాత్రం సాధారణంగా ఆపు బటన్ నొక్కాకే చివర్లో రాస్తుంది. కరెంటు మధ్యలో పోతే పుస్తకమంతా ఉంది, విషయసూచిక లేదు. కంప్యూటరు విషయసూచిక లేని పుస్తకం చదవలేదు. ఆ సూచికను మళ్లీ కట్టే ప్రోగ్రాములున్నాయి. అన్‌ట్రంక్ అనేది ఉచితంగా దొరికే ఒకటి. దానికి అదే రికార్డరుతో, అదే సెట్టింగులతో తీసిన మరొక మంచి ఫైలు నమూనాగా ఇవ్వాలి. కాబట్టి ఇలా జరిగిన రోజు చేయాల్సింది ఇదీ: రికార్డరు సెట్టింగులు ముట్టుకోకుండా వేరే డిస్కులో అయిదు నిమిషాల వీడియో తీసి దాచండి. పాడైన డిస్కును ఉన్నది ఉన్నట్టుగా మరో పెద్ద డిస్కులోకి పూర్తి ప్రతి తీయండి. మరమ్మతు ప్రయత్నాలన్నీ ఆ ప్రతి మీదే చేయండి. ఫైలు సైజు సున్నా చూపించినా ఆశ వదలకండి, పేరు రాసే చోట మాత్రమే తప్పు పడి, లోపలి సమాచారం అలాగే ఉండి ఉండవచ్చు. ఫోటోరెక్ వంటివి దాన్ని వెతికి తీయగలవు.

అయితే ఎస్‌ఎస్‌డిలో ఒక ప్రమాదం ఉంది. పాత గుండ్రటి హార్డ్ డిస్కులో చెరిపినది పైన కొత్తది రాసేదాకా కింద మిగిలే ఉండేది. ఎస్‌ఎస్‌డిలో ఫైలు చెరిపినా, ఫార్మాట్ చేసినా, ట్రిమ్ అనే ఆజ్ఞ వెళ్లి డిస్కు తనంతట తానే ఆ చోటును ఊడ్చేస్తుంది. ఊడ్చాక ఎంత డబ్బు పోసినా తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ఫార్మాట్ చేయవద్దని మొదట్లోనే అంత గట్టిగా చెప్పింది ఇందుకే. ఆ డిస్కును బయట దుకాణంలో ఇవ్వాల్సి వస్తే, అందులో ఇంకా ఏమేమి ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. కన్నీళ్లతో చెప్పిన సాక్ష్యాలు, కుటుంబాల సొంత విషయాలు బజారు పాలు కాకుండా నమ్మకస్తులకే ఇవ్వండి.

ఇదంతా రాకుండా ఉండాలంటే కెమెరా, మిక్సరు, రికార్డరు మూడింటికీ ఒక చిన్న యూపీఎస్ చాలు. స్పీకర్ల యాంప్లిఫయరును మాత్రం దానికి కలపకండి, ఉన్న చార్జంతా అదే తాగేస్తుంది. మరో సులువు ఉంది. మూడు గంటలూ ఒకే ఫైలుగా తీయకుండా, పాటలయ్యాక ఒకసారి, ప్రసంగానికి ముందు ఒకసారి ఆపి వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. మూసిన ఫైలుకు ఇక కరెంటు భయం లేదు. ఆపాక గుర్తు స్థిరపడే వరకు నాలుగు క్షణాలు ఆగి డిస్కు తీయండి. ప్రసాదరావుగారు భోజనానికి పిలుస్తున్నారని ఎర్రదీపం వెలుగుతుండగానే లాగేయడం కూడా కరెంటు పోవడం లాంటిదే.

శబ్దం విషయం. బొమ్మ చక్కగా ఉండి మాట లేని ప్రసంగం ఎవరికి పనికొస్తుంది? రికార్డరు శబ్దాన్ని వీడియో తీగలోంచే తీసుకోవచ్చు, లేదా ఆడియో మిక్సరు నుంచి విడిగా తీసుకోవచ్చు. మెనూలో ఏది ఎంచారో చూడండి. తప్పు ఎంచితే కెమెరా సొంత మైకు శబ్దం రికార్డవుతుంది. ఫ్యాన్ల హోరు, పక్కన పసిపిల్లల ఏడుపు స్పష్టంగా, కాపరిగారు ఎక్కడో బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తే కారణం ఇదే. శబ్దం పగిలినట్టుంటే మిక్సరు ప్రొఫెషనల్ స్థాయిలో పంపుతోంది, రికార్డరు ఇంటి పరికరాల స్థాయి ఆశిస్తోందన్నమాట. రెండింటికీ దాదాపు 12 డెసిబెళ్ల తేడా ఉంటుంది. డిజిటల్‌లో సున్నా దాటి పగిలిన శబ్దం తర్వాత బాగుపడదు. పాటలు మారుమోగే సమయంలో కూడా మీటరు పైకప్పుకు తగలకుండా కొంత ఖాళీ ఉంచండి.

ఒక విచిత్రమైన లోపం ఉంది, దాన్ని గుర్తించలేక యంత్రాలే మార్చినవాళ్లున్నారు. హెడ్‌ఫోనులో ప్రసంగం వినిపిస్తుంది, కాస్త ఎటో పక్కల నుంచి వస్తున్నట్టుంటుంది. అదే వీడియో ఒకే స్పీకరున్న ఫోనులో పెడితే కాపరిగారి గొంతు మాయం! మిక్సరు నుంచి వచ్చే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులులో ఒకే శబ్దం రెండు తీగల్లో ఎదురుబొదురుగా నడుస్తుంది. దాన్ని ఎవరో కుడి, ఎడమ అని విడిపోయే చిన్న స్టీరియో పిన్నుకు అతికించి ఉంటారు. ఫోను ఆ రెండింటినీ కూడగానే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పటికే రికార్డైన వీడియోను ఎడిటింగులో ఒక చానెల్ మాత్రమే ఉంచి రెండు వైపులా పరిస్తే గొంతు తిరిగి వస్తుంది. వచ్చే వారానికి సరైన కేబులు చేయించండి.

గుయ్‌మనే మోత వస్తుంటే అది కరెంటు మోత. సౌండు ఒక ప్లగ్గు నుంచి, వీడియో హాలు అవతలి మూల ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటున్నప్పుడు వస్తుంది. రెండింటినీ ఒకే చోటి నుంచి ఇవ్వండి, తగ్గకపోతే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేదా డీఐ డబ్బా పెట్టండి. మోత పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి, చేయనివ్వకండి. లోపల తీగ ఎక్కడైనా తగిలితే ఆ కరెంటు వేదిక మీద ఇనుప మైకు పట్టుకున్న మనిషి గుండా భూమిలోకి పోతుంది. ప్రాణం కన్నా రికార్డింగు గొప్పది కాదు.

పెదవులకూ మాటకూ పొంతన కుదరకపోతే, మొదట్లో ఎంత తేడా ఉందో చివర్లో ఎంత ఉందో కొలవండి. రెండుచోట్లా ఒకటే అయితే మిక్సరు బొమ్మను ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యం చేస్తోంది, శబ్దాన్నీ అంతే ఆలస్యం చేస్తే సరి. ఒక ఫ్రేము అంటే సెకనులో 25వ వంతు, 40 మిల్లీసెకన్లు. తేడా కొద్దికొద్దిగా పెరుగుతుంటే శబ్దాన్ని వేరే యంత్రంలో తీశారన్నమాట, రెండు యంత్రాల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు. తేడా మెట్టుమెట్టుగా, ఉన్నట్టుండి పెరుగుతుంటే ఫ్రేములు పోతున్నాయి. అప్పుడు శబ్దం వదిలేసి పైన చెప్పిన డిస్కు సంగతి చూడండి. మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట కెమెరా ముందు కొట్టించుకుంటే ఈ కొలత తేలిక.

మే నెలలో మాత్రమే మధ్యలో ఆగిపోయే రికార్డరుకు జబ్బు వేడి. చెక్క బల్ల లోపల తలుపు మూసి పెట్టడం, దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి అలాగే నడపడం, వెనక ఫ్యాను జాలీలో బూజు. గుడ్డ తీసి, జాలీ దులిపి, నాలుగువైపులా గాలి ఆడనివ్వండి.

కొత్త సాఫ్ట్‌వేరు వచ్చిందని శనివారం రాత్రి ఎక్కించకండి. ఎక్కించాక సెట్టింగులు మొదటికి వచ్చే అవకాశం ఉంది. సోమవారం చేసుకోండి, వారమంతా పరీక్షించుకునే వీలుంటుంది.

ఇంకొక్క సంగతి మీడియా బల్ల దగ్గర కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు గట్టిగా గుర్తుంచుకోవాలి. రికార్డు నడుస్తున్నప్పుడు పక్కన మానిటరులో కనిపించే బొమ్మ సాధారణంగా డిస్కులో పడిన బొమ్మ కాదు. రికార్డరులోకి వచ్చి అలాగే బయటికి పోతున్న బొమ్మ. అది బాగుంది కాబట్టి రికార్డూ బాగుందనుకోవడానికి లేదు. చూడాల్సింది లెక్కపెడుతున్న టైమ్‌కోడ్, మిగిలిన నిమిషాలు, శబ్దం మీటరు, హెచ్చరిక గుర్తు. ఆరాధనకు గంట ముందు అయిదు నిమిషాలు రికార్డు చేసి, ఆ డిస్కు తీసి, రికార్డరులో కాకుండా కంప్యూటరులో తెరిచి, హెడ్‌ఫోనుతో ఒకసారి, ఫోను స్పీకరుతో ఒకసారి వినండి. వివాహం, బాప్తిస్మం, భూస్థాపన ఉన్న రోజు కెమెరాలోని కార్డులో కూడా విడిగా రికార్డు నడిపించండి. రికార్డరు ఏమైనా అది మిగులుతుంది.

ఆరాధన అయ్యాక డిస్కు మీద తెల్ల ప్లాస్టరు అంటించి తేదీ, కూడిక పేరు రాయండి. రెండు వేర్వేరు చోట్లకు ప్రతి తీసి, రెండూ తెరిచి మధ్యలోనూ చివరలోనూ చూశాకే ఆ ప్లాస్టరు మీద అడ్డగీత కొట్టండి. అడ్డగీత లేని డిస్కును ఎవరూ ఫార్మాట్ చేయకూడదని బల్ల మీద ఒక చీటీ అతికించండి.